ఎర్ల్ మెక్‌ఫర్సన్: రద్దయిన కారు కోసం గీసిన డిజైన్, ప్రతి వీధిలోని కారుకూ ముందుకాళ్లయింది

రాయ్‌పూర్‌లో పదేళ్లు దాటిన చిన్న కారును ఏ షెడ్డుకు తీసుకెళ్లినా, బానెట్ తెరవకముందే మెకానిక్ చేసే పని ఒకటుంది. ముందు చక్రం పైభాగాన బాడీ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా కిందికి నొక్కి వదిలేస్తాడు. కారు ఒక్కసారి పైకి లేచి కుదురుకుంటే ఫర్వాలేదు. పడవలా రెండుమూడు సార్లు ఊగిందంటే ముందు షాకబ్జర్ పనైపోయినట్టే. అక్కడి హిందీ మెకానిక్‌లు దాన్ని షాకర్ అంటారు. తెలుగువాళ్లకు అది షాకబ్జర్. కారుతో పాటు ఇచ్చే సాంకేతిక వివరాల్లో మాత్రం దాని పేరు మెక్‌ఫర్సన్ స్ట్రట్.

ఆ పేరు ఒక మనిషిది. అమెరికన్ ఇంజినీర్ ఎర్ల్ స్టీల్ మెక్‌ఫర్సన్‌ది. సామాన్యుడు కొనగలిగే చిన్న కారు తయారు చేయాలని ఆయన తన కెరీర్‌లో కీలకమైన ఏళ్లు ఖర్చు పెట్టారు. ఆ కారు ఫ్యాక్టరీ గేటు దాటలేదు. దాని కోసం ఆలోచించిన ఒక భాగం మాత్రం ఖండాలు దాటి, చివరికి మారుతి 800 రూపంలో భారతదేశంలోని చిన్న పట్టణాలకు కూడా చేరింది.

డెట్రాయిట్ దారిలో

మెక్‌ఫర్సన్ 1891 జులై 6న ఇల్లినాయ్ రాష్ట్రంలోని హైలాండ్ పార్క్‌లో పుట్టారు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ చదివారు. ఆయన చదువు ముగించుకునే నాటికి అమెరికా మోటారు పరిశ్రమకు డెట్రాయిట్ కేంద్రంగా మారిపోయింది. 1908లో మార్కెట్లోకి వచ్చిన హెన్రీ ఫోర్డ్ మోడల్ టి రైతుల చేతికీ కారు అందించింది. ఇంజినీరింగ్ పట్టా ఉన్న కుర్రాళ్లంతా ఆ ఊరి వైపే చూస్తున్న రోజులవి. మెక్‌ఫర్సన్ కూడా అక్కడికే వెళ్లి చామర్స్ మోటార్ కంపెనీలో చేరారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన సైన్యం తరఫున ఐరోపా వెళ్లి విమాన ఇంజిన్ల పని చూశారు. యుద్ధం ముగిశాక డెట్రాయిట్‌కు తిరిగొచ్చి లిబర్టీ మోటార్ కార్ కంపెనీలో, 1920ల్లో హప్‌మొబైల్ కార్లు తయారు చేసే హప్ కంపెనీలో పనిచేశారు. చామర్స్, లిబర్టీ, హప్ మూడూ తర్వాతి కాలంలో కనుమరుగైన పేర్లే. 1929లో మొదలైన మహామాంద్యం చిన్న కంపెనీలను ఒక్కొక్కటిగా మింగేసింది. 1934లో మెక్‌ఫర్సన్ జనరల్ మోటార్స్‌కు మారారు. కొద్దికాలానికే ఆ సంస్థకు చెందిన షెవ్రొలే విభాగంలో డిజైన్ ఇంజినీర్‌గా పెద్ద బాధ్యత అందుకున్నారు.

స్ప్రింగు మోస్తుంది, షాకబ్జర్ ఆపుతుంది

ఆయన చేసిన మార్పు విలువ తెలియాలంటే అంతకు ముందు కార్లు ఎలా ఉండేవో చూడాలి. కారు బరువును మోసేది స్ప్రింగు. గుంత వస్తే స్ప్రింగు అణుగుతుంది, ఆ వెంటనే పైకి తన్నుతుంది. ఆపేది లేకపోతే అలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును చంపడమే షాకబ్జర్ పని. గొట్టంలో నూనె ఉంటుంది, అందులో సన్నటి రంధ్రాలున్న పిస్టన్ కదులుతుంది. ఆ రంధ్రాల గుండా నూనె బలవంతంగా దూరేటప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద దూరం తిరిగొచ్చిన కారు షాకబ్జర్‌ను ముట్టుకుంటే వేడిగా తగలడానికి కారణం ఇదే.

మోడల్ టికి అసలు షాకబ్జర్లే లేవు. దాని తర్వాత 1927 చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎకు నూనెతో పనిచేసే హుడాయ్ షాకబ్జర్లు అమర్చారు. 1930ల్లో అమెరికా కార్లకు ముందు చక్రాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేర్వేరుగా కదిలే అమరిక వచ్చింది. మెక్‌ఫర్సన్ చేరిన ఏడాదే షెవ్రొలే కొన్ని మోడళ్లలో ద్యుబోనె పద్ధతి మొదలుపెట్టింది. స్ప్రింగునూ షాకబ్జర్‌నూ నూనె నింపిన ఒకే డబ్బాలో బిగించడం దాని ప్రత్యేకత. ప్రయాణం మెత్తగా ఉండేది కానీ, అరిగాక నూనె కారేది, మరమ్మతు కష్టమయ్యేది. 1939 మోడళ్లకు వచ్చేసరికి షెవ్రొలే దాన్ని వదిలేసి, పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ ఉండే డబుల్ విష్‌బోన్ అమరికకు మారింది.

డబుల్ విష్‌బోన్ మంచి అమరికే. అయితే ఒక్కో చక్రానికి రెండు ఆర్ములు, స్ప్రింగు, విడిగా షాకబ్జర్, వాటన్నిటికీ కీళ్లు, బుష్‌లు కావాలి. పెద్ద కారుకు ఆ ఖర్చు, ఆ బరువు లెక్కలోకి రావు. చిన్న కారుకు వస్తాయి.

వెయ్యి డాలర్ల కారు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే సమయానికి జనరల్ మోటార్స్‌కు ఒక భయం పట్టుకుంది. మొదటి యుద్ధం తర్వాత వచ్చినట్టే ఈసారీ మాంద్యం వస్తే జనం పెద్ద కార్లు కొనలేరేమోనని. అందుకే 1945లో తేలికపాటి కారు ప్రాజెక్టు ప్రారంభించి, దానికి చీఫ్ ఇంజినీర్‌గా మెక్‌ఫర్సన్‌ను నియమించింది. ఆ కారు పేరు షెవ్రొలే కెడెట్. నలుగురు కూర్చోవాలి, బరువు 2,200 పౌండ్లు, అంటే సుమారు 1,000 కేజీలకు మించకూడదు, ధర 1,000 డాలర్ల దగ్గర ఉండాలి. ఇవీ పెట్టుకున్న లక్ష్యాలు.

చౌక కారంటే పెద్ద కారును కుదించి, ఉన్న సౌకర్యాలు పీకేసి ఇవ్వడమే అన్నది అప్పటి అలవాటు. మెక్‌ఫర్సన్ ఆ దారిలో వెళ్లలేదు. ప్రతి భాగాన్నీ మొదటి నుంచి కొత్తగా ఆలోచించారు. ధర తగ్గాలి కానీ ప్రయాణం నాసిరకంగా ఉండకూడదని పట్టుబట్టారు. నాలుగు చక్రాలకూ స్వతంత్ర సస్పెన్షన్ పెట్టాలనుకున్నారు. ఖరీదైన కార్లలో కూడా అప్పట్లో అది అరుదు.

అక్కడే ఆయన అసలు ఎత్తు వేశారు. ఊపును ఆపడానికి ఎలాగూ ఒక గొట్టం ఉండాలి కదా, ఆ గొట్టాన్నే చక్రాన్ని నిలబెట్టే కాలుగా వాడుకుంటే సరిపోతుంది. షాకబ్జర్ గొట్టాన్ని లావుగా, బలంగా చేసి, దాని అడుగు భాగాన్ని చక్రపు హబ్‌కు బిగించారు. దాని చుట్టూ స్ప్రింగు తొడిగారు. పై కొసను బాడీకి ఆనించారు. దాంతో పై ఆర్మ్ అవసరమే లేకుండా పోయింది. కింద ఆధారం ఇచ్చే ఆర్మ్ ఒక్కటి చాలు. ముందు చక్రాలకు వాడినప్పుడు, స్టీరింగ్ తిప్పితే ఈ కాలు మొత్తం తన చుట్టూ తానే తిరుగుతుంది.

ఈ తరహా ఆలోచన శూన్యంలోంచి పుట్టలేదు. ఇటలీలో ఫియట్ ఇంజినీర్ గైడో ఫోర్నాకా 1920ల్లోనే దీనికి దగ్గరగా ఉండే డిజైన్‌కు పేటెంట్ తీసుకున్నారు. వేలల్లో, లక్షల్లో తయారు చేయగలిగేంత సులువైన రూపంలోకి తీసుకొచ్చింది మాత్రం మెక్‌ఫర్సనే. 1947 మార్చిలో జనరల్ మోటార్స్ తరఫున ఆయన పేటెంట్‌కు దరఖాస్తు చేశారు.

రెండు నెలలు తిరగకుండానే కథ అడ్డం తిరిగింది. అనుకున్న మాంద్యం రాలేదు. యుద్ధకాలమంతా కొత్త కారు దొరకని అమెరికన్లు, ఏ కారు వచ్చినా కొనడానికి వరుస కట్టారు. ఉక్కు కొరతగా ఉంది. ఉన్న ఉక్కుతో లాభం ఎక్కువ వచ్చే పెద్ద కారు చేయాలా, లాభం అంతంతమాత్రంగా ఉండే చిన్న కారు చేయాలా అన్నది యాజమాన్యం ముందున్న ప్రశ్న. వెయ్యి డాలర్లకు అమ్మి లాభం తీయడం కుదరదన్న లెక్కలు కూడా వచ్చాయి. 1947 మేలో కెడెట్ రద్దయింది. నమూనా కార్లు తయారై, పరీక్షల్లో తిరిగాయి. కొనేవాళ్లు మాత్రం వాటిని చూడలేదు.

శత్రువు ఇంట్లో చోటు

మెక్‌ఫర్సన్‌కు అప్పటికి 55 ఏళ్లు దాటాయి. పదమూడేళ్లు పనిచేసిన సంస్థ, తన సొంత కారును పక్కన పడేసింది. ఆ అసంతృప్తితోనే ఆయన అదే ఏడాది ప్రత్యర్థి కంపెనీ ఫోర్డ్‌లో చేరారు. హెన్రీ ఫోర్డ్ మనవడు రెండో హెన్రీ ఫోర్డ్ 1945లో పగ్గాలు చేపట్టి, కుప్పకూలేలా ఉన్న సంస్థను నిలబెట్టడానికి అనుభవజ్ఞులను బయటి నుంచి తెచ్చుకుంటున్న సమయమది.

పాత డిజైన్ పేటెంట్ హక్కులు జనరల్ మోటార్స్ చేతిలో ఉన్నాయి. మెక్‌ఫర్సన్ మరో రూపం తయారు చేశారు. 1949 జనవరిలో ఫోర్డ్ తరఫున ఇంకో పేటెంట్‌కు దరఖాస్తు వెళ్లింది. ఇందులో ఇంకో పొదుపు ఉంది. మలుపుల్లో కారు ఒక పక్కకు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్‌నే కింది ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచడానికి కూడా వాడుకున్నారు. ఒక భాగం, రెండు పనులు. ఆయన రెండు పేటెంట్లూ 1953లోనే మంజూరయ్యాయి. జనవరిలో పాత యజమానికి ఒకటి, నవంబరులో కొత్త యజమానికి ఒకటి.

ఈ అమరిక మొదట ఏ కారులో వచ్చిందన్న విషయంలో ఫ్రాన్స్ ఫోర్డ్ తయారు చేసిన వెడెట్ పేరు కొందరు చెబుతారు. దాన్ని పెద్ద ఎత్తున జనంలోకి తీసుకెళ్లినవి మాత్రం ఇంగ్లండ్‌లోని ఫోర్డ్ తయారు చేసిన కాన్సల్, జెఫిర్ కార్లు. 1950 అక్టోబరులో లండన్ మోటార్ షోలో వాటిని ప్రదర్శించారు. విడిగా చాసిస్ లేకుండా బాడీయే బరువంతా మోసే నిర్మాణం వాటిది. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌కు సరిపోయిన జోడీ అదే. స్ట్రట్ పై కొస ఆనడానికి బాడీలో బలమైన గూడు దొరికింది.

1952లో మెక్‌ఫర్సన్ ఫోర్డ్‌లో ఇంజినీరింగ్ విభాగానికి వైస్ ప్రెసిడెంట్ అయ్యారు. ఆయన హయాంలో 1954 ఫోర్డ్ కార్లకు బాల్ జాయింట్లతో కూడిన కొత్త ముందు సస్పెన్షన్ వచ్చింది. అందులో విచిత్రం ఏమిటంటే, అదీ రెండు ఆర్ముల అమరికే. అమెరికా కార్లు నానాటికీ పొడవు, వెడల్పు పెంచుకుంటున్న కాలం. చోటుకు కొరత లేదు, పెట్రోలుకు కొరత లేదు. మెక్‌ఫర్సన్ సొంత ఆవిష్కరణతో సొంత దేశానికి పని పడలేదు.

1958లో ఆయన రిటైరయ్యారు. 1959 చివరికల్లా అమెరికా కంపెనీలు చిన్న కార్లు తయారు చేయక తప్పలేదు. ఫోర్డ్ తెచ్చిన ఫాల్కన్‌లో కూడా ఆయన స్ట్రట్ లేదు. 1960 జనవరి 26న, 68 ఏళ్ల వయసులో మెక్‌ఫర్సన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన పేరున్న అమరిక ఎక్కువగా ఇంగ్లండ్ ఫోర్డ్ కార్లకే పరిమితం.

చిన్న కార్ల దేశాలు ఎత్తుకున్నాయి

దాన్ని ప్రపంచమంతా తిప్పింది ఐరోపా, జపాన్ కంపెనీలు. ఆ దేశాల్లో రోడ్లు ఇరుకు, పెట్రోలు ఖరీదు. 1966లో వచ్చిన మొదటి టొయోటా కరోలా ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లే. 1969లో ఫియట్ 128 ఇంకో మలుపు తిప్పింది. ఇంజిన్‌ను బానెట్ కింద అడ్డంగా పడుకోబెట్టి, ముందు చక్రాలనే నడిపించే అమరికకు ఈ స్ట్రట్‌ను జత చేసింది. పై ఆర్ములు లేకపోవడంతో అడ్డంగా పెట్టిన ఇంజిన్‌కు చోటు దొరికింది. 1970ల్లో హోండా సివిక్, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ అదే బాట పట్టాయి. 1973లో చమురు ధరలు ఆకాశాన్నంటాక ప్రపంచానికి ఇలాంటి కార్లే కావలసి వచ్చాయి. కెడెట్‌ను రద్దు చేసిన షెవ్రొలే కూడా మూడు దశాబ్దాల తర్వాత, 1980 మోడల్ సైటేషన్ ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లే పెట్టింది.

భారతదేశంలో అప్పటికి రోడ్ల మీద అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు ఏలుతున్నాయి. 1983 డిసెంబరు 14న గుర్గావ్‌లో ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా మారుతి 800 మొదటి కారు తాళాలు యజమానికి అందాయి. సుజుకి డిజైన్ చేసిన 796 సీసీ కారు అది. ముందు చక్రాల దగ్గర ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగే దాకా అది మూడు దశాబ్దాల పాటు మధ్యతరగతికి మొదటి కారు. తర్వాత వచ్చిన ఆల్టో, శాంత్రో, ఇండికా, స్విఫ్ట్ అన్నింటికీ ముందు అదే అమరిక. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చిన టాటా నానో కూడా అంతే. వెయ్యి డాలర్ల కెడెట్ కోసం గీసిన గీత, అరవై ఏళ్ల తర్వాత లక్ష రూపాయల కారులో తేలింది.

రాయ్‌పూర్ రోడ్ల మీద ఆ వారసత్వం

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాజధాని అయినప్పటి నుంచి రాయ్‌పూర్ వేగంగా పెరిగింది. సిల్తారా, ఉర్లా పారిశ్రామిక వాడల ఉక్కు లారీలు, టాటీబంద్ కూడలి రద్దీ, వీధి వీధికీ స్పీడ్ బ్రేకర్లు, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెంటనే గుంతలు తేల్చే వాన. చిన్న కారు ముందుకాళ్లకు ఇవన్నీ పరీక్షలే. రాయ్‌పూర్, భిలాయ్‌లలో రైల్వే, ఉక్కు కర్మాగారం ఉద్యోగాల కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకో పరీక్ష కూడా ఉంది. పండక్కి సొంతూరు వెళ్లే పాత దారి ధమ్తరి, కాంకేర్ మీదుగా కేష్కాల్ ఘాట్ ఎక్కి, జగదల్‌పూర్, కోరాపుట్ దాటి సాలూరు ఘాట్‌లో దిగి విజయనగరం చేరుతుంది. ఒకప్పటి 43వ నంబరు జాతీయ రహదారి అదే. రాయ్‌పూర్ నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి చేపట్టినా, పాత కార్లు ఈ ఘాట్ల మీద ఎన్నో ఏళ్లు దిగి ఎక్కాయి.

అలాంటి కారు షెడ్డుకు వచ్చినప్పుడే మెక్‌ఫర్సన్ పొదుపుకు రెండో వైపు కనిపిస్తుంది. ఒక్క భాగానికి మూడు పనులు అప్పజెప్పారు కాబట్టి, అది అరిగితే మూడూ చెడతాయి. డబుల్ విష్‌బోన్ కారులో షాకబ్జర్ పోతే ఊపు పెరుగుతుంది, కానీ చక్రాన్ని పట్టుకునే ఆర్ములు వేరే ఉంటాయి. స్ట్రట్ కారులో చక్రాన్ని నిలబెట్టేదీ అదే. దాని రాడ్డు, లోపలి బుష్ అరిగిపోతే చక్రం నిటారుతనం మారుతుంది, టైరు ఒక పక్కే అరుగుతుంది. బ్రేకు వేస్తే ముందు భాగం ముక్కు నేలకు రాస్తున్నట్టు వంగుతుంది. చక్రం రోడ్డును వదిలి ఎగురుతుంటే బ్రేకు పట్టే దూరం పెరుగుతుంది. ఘాట్ రోడ్డులో, వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో సామాను ఉన్నప్పుడు ఆ నాలుగడుగులే ప్రాణాంతకం కావచ్చు.

అందుకే గొట్టం మీద నూనె జిడ్డు కారుతున్నా, స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందు నుంచి టకటక చప్పుడు వస్తున్నా వాయిదా వేయకూడదు. ఒక పక్కది పాడైనా రెండు పక్కలా మార్చాలి. కొత్తది ఒక పక్క, పాతది ఒక పక్క ఉంటే బ్రేకు వేసినప్పుడు కారు ఒక వైపు లాగుతుంది. పాత గొట్టానికి రంధ్రం చేసి నూనె నింపి, వెల్డింగ్ పెట్టి ఇచ్చేవి చౌకే. అయితే చక్రాన్ని నిలబెట్టే కాలిని అలా అతికించి నడపడం మంచిది కాదు. పైన ఉండే రబ్బరు మౌంటింగ్, బేరింగ్, దుమ్ము రాకుండా కాపాడే బూటు, బంప్ స్టాప్ కూడా అప్పుడే మార్చుకుంటే మళ్లీ ఊడదీసే కూలి మిగులుతుంది.

మార్చే పనిలో ఒక చోట మాత్రం తొందర పనికిరాదు. స్ట్రట్ చుట్టూ ఉన్న స్ప్రింగు, కారు గాలిలో ఉన్నా ఒత్తిడిలోనే ఉంటుంది. స్ప్రింగు కంప్రెసర్‌తో రెండు వైపులా సమంగా నొక్కి పట్టాకే పై నట్టు విప్పాలి. ముందే విప్పితే స్ప్రింగు తుపాకీ గుండులా ఎగిరి వస్తుంది. బ్రేకు గొట్టం మీద కాలిపర్ బరువు వేలాడకుండా చూసుకోవాలి. కింది ఆర్మ్ రబ్బరు బుష్‌ల బోల్టులు కూడా వదులు చేసి ఉంటే, వాటిని కారు నేల మీద నిలిచాకే చివరిగా బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎందుకంటే మార్చింది షాకబ్జర్‌ను మాత్రమే కాదు, చక్రం ఏ కోణంలో నిలబడాలో నిర్ణయించే భాగాన్ని.

మెక్‌ఫర్సన్ తన డిజైన్‌లో వేసుకున్న లెక్క కూడా ఇదే. భాగాలు తక్కువైతే ధర తగ్గుతుంది, మిగిలిన ప్రతి భాగం బాధ్యత పెరుగుతుంది. 1947లో ఆ లెక్క ఒక పెద్ద కంపెనీకి లాభంగా కనిపించలేదు. ఇప్పుడు రాయ్‌పూర్ షెడ్డులో పన్నెండేళ్ల ఆల్టో ముందు చక్రం విప్పే మెకానిక్ ఆ లెక్కను చేత్తో తడిమి చూస్తాడు. కొత్త స్ట్రట్‌లు బిగించి, కారును దించి, మరోసారి ముందు బాడీ మీద చేతులు ఆనించి నొక్కి వదులుతాడు. కారు ఒక్కసారి లేచి నిలిచిపోతుంది.